ఫిడేలు విద్వాంసులు కీర్తిశేషులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు

ఆంధ్రదేశమున ఫిడేలు అన్నంతనే ద్వారం వారు, ద్వారం వారు అన్నంతనే ఫిడేలు జ్ఞప్తికి వచ్చుట చిరకాలముగా నున్న సంగతియే. శ్రీ ద్వారం వెంకటస్వామినాయుడుగారు కీర్తిశేషులై అరువది యేండ్లు దాటినవి. వారి కచేరీని ఎదుట కూర్చుండి విన్నవారు నేడు మిక్కిలి కొలదిమంది. అయినను పాత గ్రామఫోను రికార్డులలో నిలిచియున్న ఆ కమాను నాదము చెవిని బడినప్పుడు సంగీతజ్ఞానము లేనివారు సైతము చేతిలోని పని నాపి ఒక్క క్షణము నిలిచెదరు. అంతటి విద్వత్తు గల ఆ మహనీయునికి బాల్యమున బడిచదువు సాగలేదు. చూపు చాలని కన్నులు పుస్తకమును వారికి దూరము చేసినవి. వారు విని నేర్చినవారు. గ్రంథములను భద్రపఱచి చదివించుటకై వెలసిన గ్రంథాలయమువారి సంచికలో, గ్రంథము కన్నుల కందని బాలుడు మహావిద్వాంసుడైన వృత్తాంతము చోటుచేసికొనుట కొందఱికి వింతగా తోపవచ్చును. కాని విద్య యేయే ద్వారముల గుండ మనుష్యుని చేరునో తెలిసికొనుటయు గ్రంథాలయమునకు వచ్చువారికి పనికివచ్చు విషయమే.

నాయుడుగారు 1893 వ సంవత్సరము నవంబరు 8 వ తేదీన, దీపావళి పండుగనాడు, బెంగుళూరునందు జన్మించిరి. వారిది తెలుగు కుటుంబము. సైనికోద్యోగములతో సంబంధము గలది. పిదప ఆ కుటుంబము విశాఖపట్టణ ప్రాంతమునకు వచ్చి స్థిరపడెను. నాయుడుగారు పెరిగిన దచ్చటనే. ఊరంతయు దీపములు వెలిగించు దినమున పుట్టిన శిశువునకు కంటిచూపు మాత్రము చిన్ననాటినుండియు మందముగా నుండెను. ఆనాటి బడులలో చదువనగా నల్లబల్లపై వ్రాసినది చూచి పలకపై దింపుట, పెద్దబాలశిక్ష పుటలు త్రిప్పుట. బల్లపైని అక్షరము కానరాని పిల్లవానికి ఆ బడిలో చేయదగిన పని లేదు. నాయుడుగారి బడిచదువు అట్లే మధ్యలో నిలిచిపోయెను.

ఆ కాలమున ఇది చిన్న విపత్తు కాదు. ఇంగ్లీషు చదువు వచ్చినవానికి కచ్చేరీలో గుమాస్తా పనియైన దొరకును. చదువు రానివాడు పొలము దున్నవలెను, లేదా చేతిపని నేర్వవలెను. చూపు చాలనివానికి ఈ రెండును కష్టసాధ్యములే. అట్టి బాలుడు అన్నదమ్ముల యింట ఒకరి దయపై బ్రదుకు వెళ్ళదీయుట తప్ప వేఱుదారి లేదని బంధువులు తలచుట ఆనాడు సామాన్యము. నాయుడుగారి విషయమున దారి యింటనే దొరికినది. వారి అన్నగారు వెంకటకృష్ణయ్యగారు ఫిడేలు వాయించెడివారు. ఆయనయే తమ్మునికి తొలిగురువు.

ఇచ్చట ఫిడేలును గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఇది మన దేశమున పుట్టిన వాద్యము కాదు. ఐరోపాఖండమునుండి దొరలతో వచ్చినది. వాగ్గేయకారులలో నొకరైన ముత్తుస్వామి దీక్షితులవారి సోదరుడు బాలుస్వామి దీక్షితులు, 1786 లో జన్మించినవారు, చెన్నపట్టణమున ఐరోపావారియొద్ద ఈ వాద్యమును నేర్చి కర్ణాటక సంగీతమునకు తెచ్చిరని సంగీతచరిత్రకారులు చెప్పుదురు. ఆ పిమ్మట తంజావూరు సోదరచతుష్టయములో నొకరగు వడివేలు దానిని తిరువాన్కూరు ఆస్థానమునకు కొనిపోయెను. నూఱేండ్లు గడచునప్పటికి ఫిడేలు లేని పాటకచేరీ దక్షిణదేశమున లేకపోయెను. పరదేశమునుండి వచ్చిన పనిముట్టును మనవారు మన పద్ధతికి వంచుకొనిరి. పాశ్చాత్యులు నిలువబడి, వాద్యమును మెడక్రింద నదిమి వాయింతురు. మనవారు నేలపై బాసికపట్టు వేసికొని కూర్చుండి, ఒకకొనను ఱొమ్ముకడ నానించి, రెండవకొనను కుడిపాదముపై నిలిపి వాయింతురు. ఎడమచేయి ఈ విధముగా బరువు మోయవలసిన యవసరము లేక తంతులపై స్వేచ్ఛగా జాఱుచుండును. శ్రుతియును మారినది. నాలుగు తంతులను మంద్ర షడ్జము, మంద్ర పంచమము, మధ్య షడ్జము, మధ్య పంచమము అను వరుసలో కూర్చుకొందురు.

ఫిడేలుకు మెట్లు లేవు. నేర్చుకొనువానికి ఇంతకంటె గొప్ప కష్టము వేఱొకటి లేదు. వీణకు ఇరువదినాలుగు మెట్లు గలవు. వేలు మెట్టుపై పడినచో స్వరము పలుకును. పియానో సంగతి మఱియు సులభము. ఎనుబదియెనిమిది మీటలును ముందుగనే మఱొకరు శ్రుతిచేసి యుంచిన వగుటచేత, మీటపై పిల్లి నడచినను స్వరము స్వరస్థానముననే పలుకును. ఫిడేలుపై ఆ విధముగా పలుకుటకు వీలులేదు. తంతిపై వేలు ఎచ్చట ఆనవలెనో చెప్పు గుర్తు ఏదియు లేదు. నువ్వుగింజంత దూరము తప్పినచో అపస్వరము. కన్నులున్నవాడు తంతివంక ఎంతసేపు చూచినను కన్నులు ఆ సంగతి చెప్పజాలవు; చెవియే చెప్పవలెను. కనుక చూపు చాలని బాలునికి అన్నగారు ఇచ్చిన వాద్యము, చూపుతో పనిలేని వాద్యమయ్యెను. ఇది యాలోచించి చేసినదో, ఇంట నున్న వాద్య మగుటచేత చేతికిచ్చినదో గాని, ఆ యొక్క నిర్ణయముపై ఒక జీవితమంతయు నిలిచినది.

మన సంప్రదాయమున సంగీతము నేర్పువిధము ఇట్లుండును. గురువు ముందుగా తంబురా శ్రుతి వినిపించును. ఆ శ్రుతిలో షడ్జమును నిలుపుట మొదటి పాఠము. పిదప సరళివరుసలు, జంటవరుసలు, అలంకారములు, గీతములు, వర్ణములు, తరువాత కీర్తనలు. ప్రతి మెట్టునను గురువు ఒక్క చిన్న సంగతి పాడును లేదా వాయించును. శిష్యుడు దానిని విని మరల వినిపించును. తప్పిన యెడల గురువు మరల పాడును. ఇట్లు పదిసార్లు, అవసరమైన నూఱుసార్లు. ఒక్కొక్క వరుసను మూడు కాలములలో వాయింపవలెను. కాగితమున్నవానికి మఱచిన భాగము కాగితముపై దొరకును. కాగితము లేనివాడు మఱచుటకు వీలులేదు. కావున అతడు పాఠము ముగిసిన పిమ్మట కూడ లోలోన దానిని వినుచునే యుండవలెను. నడచుచు వినవలెను, భోజనము చేయుచు వినవలెను. ఈ లోపలి వినికిడి అలవడిన పిమ్మటనే వేళ్లకు దారి తెలియును. వినికిచేత నేర్చుట యనగా శ్రమలేకుండ నేర్చుట యని కొందఱు భ్రమపడుదురు. శ్రమ తగ్గలేదు, శ్రమ కన్నులనుండి చెవులకును జ్ఞాపకమునకును మారినది, అంతియే.

అట్లని మన సంగీతమునకు వ్రాతయే లేదనుకొనరాదు. నాయుడుగారు జన్మించిన 1893 ప్రాంతముననే చిన్నస్వామి మొదలియారుగారు దాక్షిణాత్య కృతులను ఐరోపావారి లిపిలో వ్రాసి ప్రకటించు గొప్ప ప్రయత్నము చేసియుండిరి. 1904 లో సుబ్బరామ దీక్షితులుగారు తమ సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగు లిపిలో ఎట్టయపురమునందు ప్రకటించిరి. ఫిడేలును మన సంగీతమునకు తెచ్చిన బాలుస్వామి దీక్షితులవారికి ఈయన దౌహిత్రుడు, దత్తుడు కూడ. తమిళదేశమున నచ్చైన ఆ మహాగ్రంథము తెలుగు అక్షరములలో వెలువడుట మనకు గర్వకారణము. అందు కంపితము, స్ఫురితము, జారు మొదలగు గమకములకు వేఱువేఱు గుర్తు లేర్పఱచిరి. ఆ గ్రంథమే లేకున్న ఎన్నియో కృతులు నేడు మనకు దక్కియుండెడివి కావు. కావున వ్రాతను చులకన చేయుట అవివేకము. కాని వ్రాత యెంత వివరముగా నున్నను, తోడి గాంధారమును ఎంత ఊపవలెనో, ఎచ్చట నాపవలెనో కాగితమును చూచి తెలిసికొన్నవాడు లేడు. విన్న పిమ్మటనే ఆ గుర్తుల కర్థము తెలియును. వంటపుస్తకము చదివినంతనే పులుసు రుచి నాలుకకు తెలియనట్లే ఇదియును.

నాయుడుగారు అన్నగారివద్ద ఆరంభించిన విద్యను తమ సాధనచేత పెంపొందించుకొనిరి. ఇరువదియాఱవ యేట వారి జీవితమున గొప్ప మలుపు వచ్చెను. అది విజయనగరమున జరిగినది.

విజయనగరమునకు విద్యలనగరమని పేరు. పూసపాటివారి ఆస్థానము సంగీతసాహిత్యములకు పుట్టినిల్లు. 1919 లో శ్రీ విజయరామ గజపతిరాజుగారు అచ్చట సంగీత కళాశాలను స్థాపించిరి. ఆ స్థాపనకు కారణముగా చెప్పబడు విషయము హృదయమును తాకునట్టిది. చాగంటి జోగారావుగారి కుమారుడు గంగరాజు అను బాలుడు అంధుడు. అతనికి సంగీతమందు మక్కువ యుండెను. ఆ బాలునికి విద్య చెప్పించు నుద్దేశముతో మహారాజావారు కళాశాలయే నెలకొల్పిరని ప్రతీతి. ఒక్క అంధబాలునికొఱకు తెఱవబడిన తలుపులలోనుండి ఆ తరువాత ఎందఱెందఱో లోనికి వెళ్ళిరి. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు ఆ కళాశాలకు మొదటి అధ్యక్షులు.

నాయుడుగారు ఆ కళాశాలకు వెళ్ళినది విద్యార్థిగా చేరుటకట. వారి వాదనమును పరీక్షించి విన్న పెద్దలు, విద్యార్థిగా చేర్చుకొనుటకు మారుగా ఫిడేలు ఆచార్యునిగా నియమించిరని ప్రసిద్ధి. పాఠశాల తలుపు ఒకసారి మూసికొన్న బాలునికి, ఇరువదియాఱేండ్ల వయస్సున కళాశాల తలుపు తెఱవబడుటయే గాక గురుపీఠమే లభించెను. ఆ నియామకము కూడ విన్నవారి చెవులు చేసిన నియామకమే. యోగ్యతాపత్రములు, పరీక్షాఫలితములు చూచియుండినచో నాయుడుగారు చూపదగిన కాగితము ఏమియుండును?

అది మొదలు విజయనగరమే వారికి కార్యరంగ మయ్యెను. నారాయణదాసుగారి పిమ్మట 1936 లో నాయుడుగారే కళాశాలాధ్యక్షులైరి. వారి కాలమున ఆ కళాశాలలో చదివినవారిలో తరువాత ఆంధ్రులందఱికి పరిచితులైన గాయకులు గలరు. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యులై అచ్చటనే విద్యనభ్యసించిరి. చేతిలో పైకము లేక ఇంటింట మధుకరము తెచ్చుకొని తినుచు ఆయన చదివిన సంగతి తెలుగువారికి తెలిసినదే. విజయనగరమున పుట్టిన పి. సుశీలగారు నాయుడుగారు అధ్యక్షులుగా నున్న కాలమున ఆ కళాశాలలో చదివి 1950 లో డిప్లొమా పొందిరి. సినిమాపాటలు వినుచు, వాని వెనుక విజయనగరపు శ్రుతి యున్నదని తలంచువారు ఎందఱుందురు?

నాయుడుగారికి తంబురాయందు గల భక్తి యసామాన్యము. ఫిడేలు వాయించి లోకప్రసిద్ధి పొందిన ఆ విద్వాంసుడు తంబురా మీటుచు కూర్చుండుటయందు అమితమైన ప్రీతి గలవాడు. తమ స్ఫూర్తికి మూలము తంబురాయే యని వారు భావించిరి; దానిని చక్కగా మీటుట నేర్చుటకు ఒక్క జన్మము చాలదని వారి యభిప్రాయము. తంబురా లక్షణములను గూర్చి వ్యాసములు కూడ వ్రాసిరి. తెలియనివారికి ఇది అతిశయోక్తిగా తోచును. నాలుగు తంతులను వరుసగా మీటుటలో అంత విద్య యేమున్నదని యడుగుదురు. ఉన్నది. తంబురా తంతులు గుఱ్ఱముపై ఆనుచోట నూలుపోగు నొకదానిని ఉంతురు. దానిని జీవ యందురు. ఆ పోగును వెంట్రుకవాసి జరిపినంతమాత్రాన తంతి మూగవోవును, లేదా తేనెటీగలు ముసరినట్లు మ్రోగును. చక్కగా శ్రుతి కలసిన తంబురానుండి, ఎవ్వరును మీటని ఒక స్వరము వినవచ్చును. షడ్జ పంచమములు మాత్రమే శ్రుతిచేసిన ఆ వాద్యమున మంద్ర తంతినుండి అంతరగాంధారము తనంతట తాను పలుకును. దీనిని స్వయంభూ గాంధార మందురు. మొదటినాడు దానిని వినలేరు. వారములకొలది, నెలలకొలది శ్రద్ధగా విన్నవానికి అది ఒకనాడు స్పష్టముగా వినబడును. వినబడిన పిమ్మట ఎన్నడును వినబడక మానదు. అపస్వరమును సహింపని చెవి ఏర్పడునది ఇట్లే. వినుట సాధనతో సమానమైనదనియు, వినికియే ఉత్తమ గురువులలో నొకటియనియు నాయుడుగారు నమ్మిరి. ఆ నమ్మకము పుస్తకములలో చదివి పొందినది కాదు; తమ బ్రదుకే దానికి ప్రమాణము.

ఈ సందర్భమున పియానో ముచ్చట యొకటి చెప్పుట తగును. అమెరికాదేశమున జార్జియా రాష్ట్రమునందు 1849 లో బానిసల కడుపున థామస్ విగ్గిన్స్ అను అంధశిశువు జన్మించెను. యజమాని యింట ఆడపిల్లలు పియానో వాయించుచుండగా విని ఆ బాలుడు దానిని తనంతట వాయింప నారంభించెను. ఒకసారి విన్న పాటను వెంటనే మీటలపై పలికించు శక్తి అతనికి గలదు. 1860 లో, పదునొకండేండ్లు నిండీనిండని వయస్సున, ఆ దేశాధ్యక్షుని భవనములో వాయించెను. లోకము అతనిని గ్రుడ్డి టామ్ అని పిలిచెను. కాని ఆ చెవి సంపాదించిన ధనము అతనికి దక్కలేదు. బానిసత్వము రద్దయిన తరువాత కూడ అతని పోషకులమని చెప్పుకొన్నవారే దానిని అనుభవించిరి. 1908 లో అతడు మరణించెను. విన్నంతనే నేర్చు శక్తి యెచ్చటనైనను పుట్టవచ్చును. దానికి గౌరవము, జీవనము, స్వాతంత్ర్యము లభించుట చుట్టునున్న మనుష్యులపై నాధారపడియుండును. నాయుడుగారికి ఒక అన్నయు, ఒక కళాశాలయు లభించినవి.

నేడు హైదరాబాదునకు తూర్పున దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు వాడలలో ఇండ్లయందు కీబోర్డు నేర్చుకొను పిల్లలు కలరు. చరవాణి తెరపై వెలుగు మీటలను చూచి అట్లే వేళ్లు పెట్టువారు కొందఱు. పాటను పలుమార్లు విని, గొంతుతో పాడుకొని, పిదప మీటపై వెదకువారు కొందఱు. రెండవ తెగవారికి ఆరంభమున ఆలస్యమగును. ముందు ఆధారషడ్జ మేదో తెలిసికొనవలెను. తరువాత పాట ఏ స్వరమున నిలుచుచున్నదో, ఎచ్చటికి ఎక్కి ఎచ్చటికి దిగుచున్నదో పట్టవలెను. కాని తెర ఆరిపోయినను వారి పాట ఆగదు. పియానోపైన గాని కీబోర్డు మీటలపైన గాని మన గమకము పూర్తిగా పలుకదు. రెండు మీటల నడుమ నున్న నాదము ఆ వాద్యమున లేదు. అయినను చెవికి చదువు చెప్పుటకు అవియును పనికివచ్చును. ఆ పిల్లలకు నాయుడుగారి పేరు తెలియకపోవచ్చును గాని వారు నడచుచున్న బాట నాయుడుగారిదే.

నాయుడుగారు చాలకాలము పెద్ద గాయకులకు ప్రక్కవాద్యము వాయించిరి. ప్రక్కవాద్యకారుని పని బయటికి సులభముగా కనబడును గాని అది చెవికి నిత్యపరీక్ష. గాయకుడు ఏ రాగము ఎత్తుకొనునో, ఏ కృతి పాడునో ముందుగా తెలియుట అరుదు. రాగాలాపనలో గాయకుడు పలికిన భావమును వెనువెంట నీడవలె అనుసరింపవలెను; ఆయన నిలిపిన పిమ్మట అదే రాగమును తన పద్ధతిలో విస్తరింపవలెను. కల్పనస్వరములలో గాయకుడు అప్పటికప్పుడు అల్లి విడిచిన స్వరముల వరుసకు అప్పటికప్పుడే బదులు చెప్పవలెను. ఇందేదియు కాగితముపై వ్రాసికొని వచ్చునది కాదు. కన్నులతో నేర్చినవారు ఇచ్చట తడబడుట కలదు. చిన్ననాటినుండి చెవినే నమ్ముకొన్న నాయుడుగారికి ఇది సహజమైన భాషవలె నుండెను.

అయినను ప్రక్కవాద్యమున కొక పరిమితి గలదు. గాయకుని మించి పోరాదు, సభ అతనిది. ఫిడేలు తనంతట తానే ఒక కచేరీని నడపగలదని నిరూపించిన ఘనత నాయుడుగారిది. 1938 లో వేలూరున వారు చేసిన ఏకవాద్య కచేరీ ఈ విధమైన వానిలో మొట్టమొదటిదని చెప్పుదురు. గాయకుడు లేని వేదికపై ఫిడేలు ముందునకు వచ్చి కూర్చుండుట ఆనాటి శ్రోతలకు క్రొత్త. ఆ నాదమునకు కావలసిన నిండుదనము కొఱకు నాయుడుగారు తమ వాద్యముపై ఎన్నియో ప్రయోగములు చేసిరి. ధ్వని యింపుగా వెలువడుటకును, వాయించుట సులభమగుటకును ఏమి చేయవలెనో పరిశీలించిరి. కమానును పొడుగున తెగకుండ లాగి నాదమును నింపుట వారి వాదనములోని సొగసు. గొంతులో ఊపిరి ఆడినట్లు వారి కమాను ఆడునని రసికులు మెచ్చుకొనెడివారు. వేగముగా వాయించి చప్పట్లు కొట్టించుకొనుటకంటె, ఒక్క స్వరమును శుద్ధముగా నిలిపి విన్నవారిని నిశ్శబ్దులను చేయుట కష్టతరము. నాయుడుగారి గొప్పతన మందున్నది.

1941 లో మద్రాసు సంగీత అకాడమీవారు వారికి సంగీత కళానిధి బిరుదము నొసంగిరి. దక్షిణదేశ సంగీతవిద్వాంసులకు ఇంతకంటె మిక్కిలి గౌరవప్రదమైన బిరుదము వేఱొకటి లేదు. తమిళ విద్వాంసులు మెండుగా నున్న సభలో విజయనగరపు ఉపాధ్యాయుడు ఆ పీఠము నధిష్ఠించుట ఆంధ్రుల కెంతయో సంతోషము కలిగించెను.

1952 వ సంవత్సరము నాయుడుగారి జీవితమున మఱియొక విధముగా జ్ఞాపకముంచుకొనదగినది. ఆ యేడు ప్రపంచప్రసిద్ధులైన ఫిడేలు విద్వాంసులు యెహూదీ మెనూహిన్‌గారు నెహ్రూగారి ఆహ్వానముపై భారతదేశమునకు వచ్చి క్షామనిధికై కచేరీలు చేసిరి. మద్రాసులో ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారి యింట మెనూహిన్‌గారు నాయుడుగారి వాదనమును విని మిగుల ఆనందించి ప్రశంసించిరని చెప్పుదురు. రాజమన్నారుగారు న్యాయశాస్త్రమున నెంతవారో తెలుగు నాటకరచనయందును అంతవారు. ఇట్టి కలయికకు వారి యిల్లు తగినచోటు. అక్కడ కూర్చున్న ఇద్దఱిలో ఒకరు బాల్యమునుండి లిపిని చూచి బాఖ్, బీథోవెన్ రచనలను వాయించి లోకమును మెప్పించినవారు. రెండవవారు లిపితో నిమిత్తములేని విద్యలో అరువదియేండ్లకు చేరువైనవారు. ఇద్దఱి చేతిలోను అదే నాలుగు తంతుల పెట్టె. ఒకరిది నిలువబడి వాయించు పద్ధతి, ఒకరిది కూర్చుండి వాయించు పద్ధతి. ఆ పెట్టె ఐరోపానుండి మన దేశమునకు వచ్చి నూటయేబది యేండ్లు గడచిన పిమ్మట, అది ఇచ్చట ఏమి నేర్చుకొన్నదో తెలిసికొనుటకు అచ్చటి మేటి విద్వాంసుడే వచ్చి విన్నట్లయ్యెను.

అదే సంవత్సరము క్రొత్తఢిల్లీలో అంధుల సహాయనిధి కొఱకు నాయుడుగారు కచేరీ చేసిరి. దానికి గొప్ప ఆదరణ లభించెను. సన్మానముల పట్టికలో ఈ కచేరీకి చోటు దొరకదు. కాని చూపు చాలక బడి విడిచిన బాలుడు, ఏబదియేండ్లు గడచిన తరువాత, దేశరాజధానిలో వాయించి అంధులకొఱకు ధనము కూర్చుట వారి చరిత్రమున అన్నిటికంటె ముఖ్యమైన ఘట్టములలో నొకటి. అంధబాలునికై పుట్టిన కళాశాలలో అన్నము తిన్న గురువు ఆ ఋణమును ఈ విధముగా కొంత తీర్చుకొనిరని తలంచుటలో తప్పులేదు.

1953 లో సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1957 లో భారతప్రభుత్వమువారి పద్మశ్రీ బిరుదమును వారిని వరించినవి. వయస్సు పైబడినను సాధన తగ్గలేదు. సంతానమున కూడ ఈ విద్య నిలిచినది. కుమారుడు భావనారాయణరావుగారును, కుమార్తె మంగతాయారుగారును ఫిడేలు విద్వాంసులై పేరుగాంచిరి. తండ్రి వాయించుచుండగా ఇంట పెరిగిన పిల్లలకు మొదటి పాఠము ఎప్పుడు మొదలైనదో చెప్పుట కష్టము. తొట్టెలో నున్నప్పుడే మొదలైయుండవచ్చును.

విని నేర్చు విద్యకు ఒక భయము గలదు. కాగితముపై లేనిది, నేర్చినవాడు పోయిన వెంటనే పోవును. నాయుడుగారికి ముందు తరమున ఎందఱు ఫిడేలు విద్వాంసుల నాదము వారితోనే గాలిలో కలసిపోయెనో! నాయుడుగారి కాలమునకు గ్రామఫోనును, రేడియోయును వచ్చుట మన యదృష్టము. లక్కపళ్లెము ఒక్క ప్రక్కకు మూడు నాలుగు నిముషములకంటె పట్టదు; గంటసేపు విస్తరింపదగిన రాగమును అందులో ఇముడ్చుట యనగా చెఱువును చెంబులో పట్టుటవంటిది. అయినను ఆ చెంబెడు నీటియందు రుచి యేమియు మారలేదు. నేడు ఆ రికార్డులు యంత్రములద్వారా ఎవ్వరికైనను లభించుచున్నవి. లిపి చదువరాని బాలుడు కూడ వానిని పదేపదే విని, ఒక్క సంగతిని పట్టుకొని, తన వాద్యముపై వెదకుకొనవచ్చును.

నాయుడుగారు 1964 వ సంవత్సరము నవంబరు 25 వ తేదీన, డెబ్బదియొకటవ యేడు నిండిన కొలదిదినములకే, పరమపదించిరి. వారి శతజయంతి సంవత్సరమగు 1993 లో భారత తపాలాశాఖవారు వారి పేర తపాలాబిళ్ల వెలువరించిరి. విశాఖపట్టణమున వారి పేరిట కళాక్షేత్రము గలదు. విజయనగరపు సంగీత కళాశాలలో నేటికిని ఫిడేలు తరగతులు నడచుచున్నవి.